నా మోచేతి ఎత్తు గట్టు

మా ఆయన బోరు మోటార్లు బాగుచేస్తాడు. మెదక్‌లో రామాయంపేట రోడ్డు మీద చిన్న వైండింగ్ షాపు. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. పాత ఇల్లు కొని, బాగుచేసి, లాభానికి అమ్మే వ్యాపారానికి మా ఇద్దరిలో ఎవరికీ ఏ అర్హతా లేదు. పెళ్లయిన దగ్గర్నుంచి మేమే కిరాయి ఇళ్లలో ఉంటున్నాం. అయినా ఆయన ఒక ఎండాకాలమంతా ఫోన్లో వీడియోలు చూసి చూసి, ఒకరోజు అన్నం కంచం ముందు ఆ మాట బయటపెట్టాడు.

"పాత ఇల్లంటే కాలిన మోటర్ అసొంటిది. బాడీ మంచిగనే ఉంటది. లోపలి వైరు మారిస్తే సాలు," అన్నాడు.

మళ్లీ కాలితే ఎవరు చూడాలని అడిగాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. వారం రోజులు పోట్లాడాను. కానీ వైండింగ్ పని పలచబడుతున్న మాట నిజం. ఈ మధ్య మోటారు కాలితే రైతులు బాగుచేయించుకోవడం మానేసి కొత్తది తెచ్చుకుంటున్నారు. ఖాళీ షాపులో కూర్చుని దారిన పోయేవాళ్ల వైపు చూసే మనిషిని చూస్తూ ఎన్నాళ్లు పోట్లాడతాను? హవేలిఘనపూర్‌లో ఉన్న చిన్న ప్లాటు అమ్మేశాం. చాలనిదానికి షాపు కాగితాలు బ్యాంకులో పెట్టాం. కాబట్టి ఇల్లు అమ్ముడుపోవాలి, పోకపోతే షాపు పోతుంది. మనం అందులో ఉండే ప్రసక్తి లేదని అందరికంటే గట్టిగా చెప్పింది నేనే.

ఆ ఇల్లు చర్చి గోపురం కనిపించే ఒక గల్లీలో ఉంది. ఆదివారం పొద్దున అక్కడి పాటలు గోడలు దాటి లోపలికి వచ్చేవి. ముందు భాగం గూన పెంకులు, వెనక రెండు గదులు. ఏళ్ల తరబడి తాళం వేసి ఉండటంతో గబ్బిలాలు కిరాయి కట్టకుండా కాపురం పెట్టాయి. బాడీ మంచిగా ఉందని మా ఆయన మెచ్చుకుంటూ దర్వాజా మీద చెయ్యి వేస్తే అది పిండిలా రాలింది. లోపలంతా చెదలే. ఏది ముట్టుకున్నా అదే తంతు. బాత్రూమ్ ఒక్కటి మారుద్దామని మొదలుపెడితే పైపులు, పైపుల కోసం నేల, నేల కోసం గోడ తవ్వాల్సి వచ్చింది. వీడియోల్లో ఇల్లు పది నిమిషాల్లో మెరిసిపోతుంది. మాకు మట్టి ఎత్తి పోయించేసరికే తల ప్రాణం తోకకొచ్చింది.

పెంకులు మొత్తం దించాక ఏడుపాయల జాతర వచ్చింది. మేస్త్రీ, కూలీలు అంతా అటు వెళ్లిపోయారు. సరిగ్గా అప్పుడే, అదను కాని కాలంలో, వడగళ్ల వాన. కప్పు లేని ఇంట్లో ఇద్దరం టార్పాలిన్ చెరో కొస పట్టుకుని నిలబడ్డాం. గాలికి అది చేతుల్లోంచి లేచిపోయింది. సిమెంటు బస్తాలు తడవకుండా ఆయన వాటి మీద బోర్లా పడుకున్నాడు. ఆ రోజు నేను ఫోన్లను, వీడియోలను, వాటిని చూసే మగవాళ్లను తిట్టిన తిట్లు గల్లీ మొత్తం విన్నది. ఆయన బస్తాల మీద నుంచి లేవకుండానే నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, కానీ ఆయనకు చూపించలేదు.

ఇంకో సంగతి. బాగుచేసిన ఇంట్లో మొదటిసారి పాలు పొంగించేది కొన్నవాళ్లే అయి ఉండాలి. ముందే ఎవరైనా పొంగించారంటే బేరానికి వచ్చినవాళ్లు మొహం తిప్పుకుంటారు. అందుకని నేను కూలీలకు చాయ్ బయట ప్రహరీ గోడ పక్కన, ఎండలో పెట్టేదాన్ని. లోపల వంటిల్లు తయారవుతోంది, బయట నేను చీర కొంగు నెత్తిన వేసుకుని స్టవ్ ముందు కూర్చున్నాను. దారిన పోయేవాళ్లు నన్ను కూలీ మనిషి అనుకునేవారు.

వంటగట్టు కట్టే రోజు మేస్త్రీ నన్ను లోపలికి పిలిచాడు.

"అక్కా, జర గీడ నిలవడుండ్రి. చెయ్యి మడవుండ్రి," అన్నాడు.

నా మోచేయి దగ్గర టేపు పట్టి, కొంచెం కిందికి దించి, గోడ మీద పెన్సిల్‌తో గీత గీశాడు. నేను పొట్టిదాన్ని. ఇంతవరకు ఉన్న కిరాయి ఇళ్లన్నింటిలోనూ స్టవ్ పెట్టే గట్టు నా ఛాతీకి దగ్గరగా ఉండేది. మునివేళ్ల మీద లేచి, భుజం ఎత్తి కూర కలుపుతూ వచ్చాను. సాయంత్రానికి భుజం సలిపేది. ఓనర్లను ఒకసారి అడిగి చూశాను. మీరు ఇవాళ ఉంటారు, రేపు పోతారు, మీకోసం గట్టు పగలగొట్టాలా అన్నారు. మళ్లీ అడగలేదు. ఇంట్లో కూడా ఎప్పుడూ చెప్పుకోలేదు.

అమ్మే ఇంటికి మామూలు కొలతే వేయాలి. ఆ మాట మేస్త్రీకి చెప్పాల్సింది. నోరు కుట్టేసుకున్నాను.

నల్ల బండ పరిచి, నీళ్లు పట్టి, ఆరిన తర్వాత ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు దాని ముందు నిలబడ్డాను. రెండు చేతులూ ఆనించాను. భుజాలు కిందికి దిగాయి. పాదాలు పూర్తిగా నేల మీద ఉన్నాయి. వంటింట్లో అంత సుఖంగా నిలబడటం నాకు అదే మొదలు. అప్పట్నుంచి నా బుద్ధి నా మాట వినలేదు. కుట్టు మిషన్ ఏ కిటికీ కింద పెట్టాలో, బియ్యం డబ్బా ఏ మూల ఉండాలో, చీరలు ఎక్కడ ఆరేయాలో అన్నీ మనసులో సర్దేశాను. ఆ ఇల్లు నాకు కావాలనిపించింది. ఇంకే వస్తువునూ నేను అంతగా కోరుకోలేదు. కొనేవాళ్లు చూడ్డానికి వచ్చినప్పుడు పైకి నవ్వుతూ చూపించేదాన్ని, వాళ్లు వద్దని వెళ్లిపోతే లోపల హాయిగా ఉండేది. అదే నిమిషంలో షాపు గుర్తొచ్చి నన్ను నేనే తిట్టుకునేదాన్ని.

అలా కొందరు వచ్చి వెళ్లాక ఒక నర్సు, ఆమె భర్త వచ్చారు. దవాఖానలో ఉద్యోగం, నెమ్మదైన పిల్ల, మంచి పొడగరి. గదులు, వెలుతురు, మా ఆయన స్వయంగా చేసిన కరెంటు పని, అన్నీ నచ్చాయి. ఎవరైనా పాలు పొంగించారా అని అడిగితే లేదని చెప్పాను. ఆ ఒక్క విషయంలో నా అంత నిజాయితీ ఎవరికీ ఉండదు. తర్వాత ఆమె గట్టు ముందు నిలబడింది. నడుము వంచితే తప్ప చేతులు ఆనలేదు. రోజంతా డ్యూటీలో నిలబడి వస్తానని, ఇప్పటికే నడుము నొప్పి అని, గట్టు ఎత్తు పెంచి ఇస్తే ఇల్లు ఖాయం చేసుకుంటామని చెప్పింది. కావాలంటే ఖర్చు కూడా తామే పెట్టుకుంటామంది.

ధర తగ్గించమన్నప్పుడు తగ్గించిన మనిషి, గేటు మార్చమంటే సరేనన్న మనిషి, మా ఆయన అక్కడ అడ్డం తిరిగాడు.

"గట్టు మాత్రం తియ్య," అన్నాడు.

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆలోచించుకుని ఫోన్ చేస్తామని వెళ్లిపోయారు. వాళ్ల బండి గల్లీ మలుపు తిరిగిందో లేదో నేను అందుకున్నాను.

"ఇన్ని నెలల పరేషాన్ గట్టుకాడ పాడుచేసుకుంటవా? బ్యాంకోడు గట్టు చూసి షాపు ఇడిసిపెడ్తడా?"

ఆయన స్విచ్ బోర్డు మీద లేని దుమ్ము తుడిచాడు. తుడుస్తూనే, నా వైపు చూడకుండా, నన్ను నిలబెట్టి కొలవమని మేస్త్రీకి చెప్పింది తనే అన్నాడు.

"అమ్మే ఇంట్ల నన్నెందుకు కొలిపిచ్చినవ్?"

"ఇంకెవరిని కొలిపియ్యాలె? వంటిల్లంటే నాకు నువ్వే యాదికొస్తవ్," అన్నాడు. "రోజు భుజం పట్టుకొని పండుకుంటవ్. నాకు కనవడదనుకున్నవా?"

నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఇన్నేళ్లలో భుజం గురించి ఒక్క మాట అడగని మనిషి. అడిగితే ఏం చేయగలడు, గట్టు మనది కాదు కదా. మొదటిసారి ఒక గట్టు తన చేతికి వచ్చేసరికి, వ్యాపారం సంగతి మరిచిపోయి దాన్ని నా కొలతకు కట్టించాడు. ఇద్దరం ఒకరికి తెలియకుండా ఒకరం అదే ఇంట్లో కాపురం పెట్టుకున్నాం. ఆయన నేల మీద కూర్చుండిపోయాడు. నా కోసం నేను బాధపడింది తక్కువ. ఆయన్ని అలా చూడటమే నాకు చేతకాలేదు.

నర్సుకు నేనే ఫోన్ చేశాను. గట్టు పెంచుతాం, రమ్మన్నాను.

పగలగొట్టే రోజు ఆయన రాలేదు. పొద్దున్నే షాపు తెరిచి కూర్చున్నాడు. మేస్త్రీ సుత్తి తెచ్చుకున్నాడు. కొత్త కొలత కోసం నర్సు డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. ఆమెను గోడ పక్కన నిలబెట్టి, చెయ్యి మడవమని, టేపు కొస ఆమె మోచేతికి నేనే పట్టాను. నా గట్టు కంటే బాగా పైన మేస్త్రీ కొత్త గీత గీశాడు.

"గింత కిందికి ఎవరికోసం కట్టిచ్చిండ్రక్కా?" అని గట్టు మీద చెయ్యి వేసి అడిగింది ఆమె. వెక్కిరింపు లేదు, నిజంగానే తెలియక అడిగింది.

కొత్తవాళ్లం, కొలత తప్పిందని చెప్పొచ్చు. మేస్త్రీ మీద తోసేయొచ్చు, అతను అందుకు సిద్ధపడి తల కూడా దించుకున్నాడు.

"నాకోసం. మా ఆయన కట్టిచ్చిండు చెల్లె," అన్నాను.

ఆమె గట్టు మీది నుంచి చెయ్యి తీసేసింది. వద్దులే అక్కా, అలాగే ఉండనీయండి అంటుందేమోనని భయమేసింది. ఆమె అనేలోపే నేను మేస్త్రీకి కొట్టమని చెప్పాను.