దొరసాని బంగళాలో పలికినవాడు

గద్వాల నుంచి ధరూర్ పోయే దారిలోని పాత బంగళా హోటల్లో ఒక తెల్ల దొరసాని దయ్యం తిరుగుతుందని మీరు విని ఉంటే, ఆ దయ్యాన్ని కన్న తండ్రిని నేనే. పుట్టించి ముప్పై ఏళ్లయింది. కాన్వెంటులో నా వేళ్ల మీద స్కేలుతో కొట్టిన సిస్టర్ గారి ముఖాన్నీ నడకనూ ఆమెకిచ్చాను. చేతిలో స్కేలు తీసేసి కొవ్వొత్తి పెట్టాను. టీకొట్టు దగ్గర నలుగురిని భయపెట్టడానికి చెప్పిన కథ అది. నాకంటే ఎక్కువ కాలం బతికేటట్టుంది.

దానివల్ల అందరికంటే ఎక్కువ నష్టపోయినవాడు ఫకీర్. ఆ హోటల్లో వంట, కాపలా, పదకొండు గదులు ఊడ్వడం అన్నీ అతని పనే. పగలు భోజనానికి జనం ఆగుతారు. పొద్దు గూకితే ఎవరూ ఉండరు. మూడేళ్ల కింద భార్య ఖతీజాబీ పోయాక ధరూర్‌లో ఇల్లు వదిలేసి వంటింటి వెనక గదిలోకి మారాడు. రాత్రి తోడుకని పెట్టిన మనుషులెవరూ దొరసాని భయానికి వారం నిలవలేదు. ఒక్కడికి సరిపడా వండటం అతనికి ఎంతకీ చేతకాలేదు. మిగిలింది పొద్దున కుక్కలకు పెట్టేవాడు.

"ఆ దొరసానన్నా ఒక్కసారి వస్తే జర ముచ్చట పెట్టుకుందుము సారూ," అనేవాడు నాతో. నేను నవ్వేవాణ్ని.

పోయిన చలికాలం హైదరాబాద్ నుంచి సౌందర్య, శ్రవణ్ కుమార్ అని ఇద్దరు వచ్చారు. పాత భవనాల్లో రాత్రంతా కూర్చుని దయ్యాలను వెతకడం, ఆ వీడియోలు నెట్‌లో పెట్టడం వాళ్ల పని. హోటల్ నడిపే భీమన్న సంబరపడి పై అంతస్తంతా వాళ్లకిచ్చాడు. పిలిస్తే తప్ప పైకి పోవద్దని ఫకీర్‌కు గట్టిగా చెప్పాడు.

ఫకీర్ కోడికూర, జొన్నరొట్టెలు చేసి ఎదురుచూశాడు. పదకొండయింది, పన్నెండయింది. ఎవరూ పిలవలేదు. కూర చల్లారిపోతోందని గిన్నె పట్టుకుని వెనక మెట్లెక్కాడు. లోపలికి పోవడానికి ధైర్యం చాలక తలుపు ఇవతల చీకట్లో కూర్చున్నాడు. అక్కడే కునుకు పట్టింది.

లోపల దీపాలార్పి, నేల మీద రికార్డరు పెట్టి, సౌందర్య మెల్లగా అడిగింది. "ఇక్కడ ఎవరన్నా ఉన్నరా?"

ఫకీర్‌ను ఆ మాట ఎవరన్నా అడిగి మూడేళ్లయింది. సగం నిద్రలోనే పలికాడు.

"ఉన్న బిడ్డా. ఒక్కన్నే ఉన్న. మీరు తిన్నరా?"

ఆ ఇద్దరూ ముందువైపు మెట్లు ఎట్లా దిగారో, కారు ఎట్లా తిప్పారో వాళ్లకే తెలియదు. ఫకీర్ గిన్నెతో గేటు దాకా పరుగెత్తాడు. ఆ పరుగు వాళ్లకు కారు అద్దంలో కనబడి ఉంటే, ఏ దారో కూడా చూడకుండా కర్నూలు దాకా ఆగేవాళ్లు కాదు.

వీడియోను లక్షలమంది చూశారు. చిక్కొక్కటే. తెల్ల దొరసాని మగ గొంతుతో, అదీ పాలమూరు మాట ఎట్లా మాట్లాడింది? భీమన్న దీనికేం దారని నా దగ్గరికొచ్చాడు. నేను కుర్చీలోంచి లేవకుండానే దొరసానికొక బట్లరును పుట్టించాను. ఆమె పోయాక వడ్డించడానికెవరూ లేక దిగులుతో చచ్చిపోయినవాడు. మూడో రోజుకు హోటల్ ముందు ఆ బట్లరు బొమ్మతో ఫ్లెక్సీ వెలిసింది.

ఆ సాయంత్రమే ఫకీర్ వచ్చి, ఆ రాత్రి జరిగిందంతా చెప్పాడు. అతనికి కోపం లేదు. ఫోన్లో ఆ వీడియో తీసి, కింద జనం రాసినవి నాచేత చదివించుకున్నాడు. పాపం ఎంత ఒంటరివాడో అని ఒకరు రాశారు. మేం తిన్నాం తాతా, నువ్వు తిన్నావా అని ఇంకొకరు. అది రెండుసార్లు చదవమన్నాడు.

"గివన్నీ నాకు రాసినయే కద సారూ. ఆ పిల్లకొక్కదానికన్న చెప్పుండ్రి, పలికింది నేనని. మీరు చెప్తే నమ్ముతది."

భీమన్నకు తెలిస్తే పని పోతుందన్నాను. పోతే పోనీయమన్నాడు.

పోయిన నెల వాళ్లు మళ్లీ వచ్చారు. మేమిద్దరం పైకి పోయాం. నేను జరిగింది జరిగినట్టు, చిటికెడు ఉప్పైనా కలపకుండా చెప్పాను. నా బతుకులో అట్లా చెప్పడం అదే మొదలు. సౌందర్య చివరిదాకా విని నవ్వింది.

"మీరు భలే అల్లుతరంట తాతా. భీమన్న సార్ ముందే చెప్పిండు."

అయినా మంచి పిల్ల. ఫకీర్ వైపు తిరిగి, ఆ మాట ఒకసారి అనమంది. ఫకీర్ టోపీ సర్దుకుని నిటారుగా నిలబడ్డాడు.

"ఉన్న మేడం. మీరు తిన్నరా మేడం?"

అది హోటల్‌కొచ్చే గిరాకీలతో మాట్లాడే గొంతు. శ్రవణ్ కుమార్ రికార్డింగు పెట్టి వినిపించాడు. రెంటికీ పోలికే లేదు. ఒక్క క్షణం నాకే అనుమానమొచ్చింది. మళ్లీ అనమంటే ఫకీర్ దగ్గి, ఇంకా గట్టిగా అన్నాడు.

"పోనీ చాచా," అందా పిల్ల. "ఈ రాత్రికి జర గేటు బయట ఉండుండ్రి. మీ దగ్గు రికార్డయితది."

ఇద్దరం గేటు బయట కల్వర్టు మీద కూర్చున్నాం. పై గదిలో దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. కిటికీలు మూసుకున్నారు కనుక ఏ మాటా బయటికి రాలేదు. ఫకీర్ మెడ చాచి అటే చూస్తూ కూర్చున్నాడు.

"గిప్పుడేమడుగుతుండ్రో సారూ," అన్నాడు.

తెలియదన్నాను. ఏదో ఒకటి కల్పించి చెబుదామనుకున్నాను. ఎంత వెతుక్కున్నా నాకేమీ తోచలేదు.