క్లచ్ తొక్కిపట్టిన పొద్దు

కామ్‌రేజ్ సిగ్నల్ దగ్గర ఏ లారీదో క్లచ్ కాలిన వాసనొస్తే నా కాళ్లు ఇప్పటికీ బిగుసుకుపోతయి.

లాక్‌డౌన్‌ల గ్యారేజీలన్నీ బందున్నయని మా పాత వ్యాన్‌కు నాయినే కొత్త క్లచ్ ప్లేటు వేసిండు. తెల్లారి నిండు నెలల అమ్మకు నొప్పులు మొదలైనయి. గేరేమో పడుతలేదు.

"తొక్కిపట్టు బిడ్డా," అని నాయిన వ్యాన్ కిందికి దూరిండు. డ్రైవర్ సీటు కొసకు కూసోని రెండు కాళ్లతో తొక్కిన. వెనక సీట్ల అమ్మ మూలుగు ఆగింది. నేను తొక్కితేనే నొప్పి ఆగిందనుకున్న.

"కేబుల్ లూజున్నది. ఇగ ఇడువు, బిగిస్త."

నేను ఇడువలేదు.

"ఇడువు బిడ్డా, నాకేం గాదు," అన్నది అమ్మ మెల్లగ.

ఇడిచిన. నాయిన బిగిచ్చినంక గేరు పడ్డది.

దవాఖాన ముందు దిగేటప్పుడు చూసిన, అమ్మ కొంగు కొస పంటి కింద నలిగి తడిగున్నది. వ్యాన్ కింద నాయిన చేతులు వణకొద్దనే, మూలుగు ఇనపడకుంట కొంగు కొరికిందని ఇప్పుడు ఎరుకైతున్నది.