నీళ్లలో ఈడ్చిన కర్ర

నా చిన్నప్పుడు చూడ్డానికని వాగు ఒడ్డున నడిచినవాళ్లు మా ఊళ్లో ఒక్కరూ లేరు. గొర్రెలు నడిస్తే వాటి వెనక మేమూ నడిచేవాళ్లం, అంతే. ఇప్పుడు మా దుందుభి వాగుకు అడ్డంగా చెక్‌డ్యాం కట్టాక నీళ్లు నిలుస్తున్నాయి. ఆదివారమైతే పట్నం వాళ్లు కార్లలో వచ్చి ఒడ్డు వెంట నడుస్తారు, ఫోటోలు దిగుతారు, సగం తాగిన నీళ్ల సీసాలు పారేసి పోతారు. ఆ సీసాలు నేను ఏరి తెచ్చి, కడిగి, విత్తనాలు పోసి పెట్టుకుంటాను. మంచి మూతలున్న సీసాలు పారేయడానికి వాళ్లకు చేతులెట్లా వస్తాయో నాకు తెలియదు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు మా అమ్మ బాలింతగా ఉంది. మంద వెంట నాయిన ఒక్కడే అయ్యాడని, రెండో తరగతి మధ్యలో బడి మాన్పించి నన్ను వెంట పంపారు. నాకది శిక్ష అనిపించలేదు. ఒక్కచోట కూర్చుంటే ఒళ్లంతా చీమలు పాకినట్టుండేది నాకు. గొర్రెలు మేయడానికి ఆగితే నేను ముందుకు ఉరికేదాన్ని, మళ్లీ వెనక్కి వచ్చేదాన్ని. నాయిన నడక నాకు చాలేది కాదు.

అట్లాంటి నా కాళ్లు ఒకనాడు దుందుభి ఒడ్డున మొరాయించాయి. అంతకు ముందు ఏడు అదే వాగులో ఒక గొర్రెపిల్ల కొట్టుకుపోవడం నేను కళ్లారా చూశాను. దాని తల నీళ్ల మీద రెండుసార్లు కనబడి, మూడోసారి కనబడలేదు. నేను మొరాయించిన నాడు నీళ్లు నాయిన మోకాళ్లకు కూడా రావు, నాకైతే తొడల దాకా వస్తాయి. కానీ రంగు మారుతోంది. పైన ఎక్కడో మబ్బు నల్లగా దిగింది. ఆ వాన వరద మా దాకా వచ్చేలోపు మంద దాటాలి. ఇవతలి ఒడ్డున గడ్డి పరక లేదు. ఇక్కడే ఆగిపోతే గొర్రెలు ఎండిపోతాయి.

నాయిన మబ్బును చూస్తాడు, నీళ్లను చూస్తాడు, నన్ను చూస్తాడు. నేను ఒడ్డు మీద అటూ ఇటూ తిరుగుతున్నాను కానీ నీళ్లలో వేలు కూడా పెట్టను. అప్పటికే తన మందతో దాటిపోయిన మా పెదనాయిన అవతలి నుంచి కేకేశాడు. "ఏందిరా తమ్మీ, నీ బిడ్డకు పల్లకి పంపాల్నా?"

ఎత్తుకొమ్మని ఏడ్చాను. నాయిన నా ముందు కూర్చొని, ఒక్కమాట అన్నాడు.

"ఇయ్యాల నేనెత్తుకుంట. రేపెవలు ఎత్తుకుంటరు బిడ్డా?"

లేచాడు. నా చంకలో ఉన్న గొర్రెపిల్లను లాక్కున్నాడు. నొసటన తెల్లమచ్చ ఉన్న పిల్ల, పుట్టి పది రోజులు, రాత్రిళ్లు నా గొంగట్లోనే పడుకునేది. దాన్ని మెడ మీద వేసుకొని, నా వైపు చూడకుండా వాగులో దిగాడు. తల్లి గొర్రె అరుచుకుంటూ వెనకే దూకింది. దాని వెనక ఇంకొకటి, ఆ వెనక మందంతా దిగింది. నాయిన మెడ మీది నుంచి ఆ పిల్ల మాత్రం నా వైపే చూస్తూ అరుస్తోంది.

నా పిల్లను నాకియ్యమని అరిచాను. వినబడనట్టే పోయాడు. కోపంతో నేనెప్పుడు దిగానో నాకే తెలియదు. నోటికొచ్చిందల్లా తిడుతూ, లంగా ఎత్తి పట్టుకొని, గొర్రెల తోకల వెంట పోయాను. సగం దాటాక చూసుకుంటే తొడల దాకా నీళ్లున్నాయి. అప్పుడు ఆగడానికి జాగా ఎక్కడిది? నాయిన నాకు నాలుగడుగుల ముందున్నాడు. చేతికర్రను నీళ్లలో వెనక్కి ఈడ్చుకుంటూ నడుస్తున్నాడు. ఎంత బద్ధకం అనుకున్నాను.

అవతలి ఒడ్డున పెదనాయిన, మందంతా వచ్చిందా అని అడిగాడు.

"వచ్చింది. ఒకటి ఎక్కువే వచ్చింది," అన్నాడు నాయిన, పిల్లను నా చేతికిస్తూ.

ఆ ఎక్కువ వచ్చింది నేనేనని తెలిసి, రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. కర్ర సంగతి మాత్రం నాకు పిల్లలు పుట్టాక గానీ తెలియలేదు. నాయిన కర్రను ఎప్పుడూ భుజాల మీద అడ్డంగా వేసుకొని నడిచేవాడు. ఏ వాగులోనూ దాన్ని ఈడ్చింది లేదు. ఆ ఒక్కరోజే ఈడ్చాడు. దాని కొస నా చేతికి అందేంత దూరంలోనే ఉంది.

అప్పటినుంచి నా పిల్లలను, వాళ్ల పిల్లలను నేను ఎత్తుకొని తిరగలేదు, చేయి పట్టి నడిపించలేదు. మా మనుమరాలు బడికి పోనని మొండికేస్తే, దాని పలక లాక్కొని ముందు నడిచాను. కొంగు కొస మాత్రం వెనక వదిలాను. రాతిగుండె ముసలిదని మా కోడలు అనేది. అననీ.

ఆ మనుమరాలు ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో చదువుతోంది. మొన్న సెలవులకు వచ్చి, వాగు వెంట నడుద్దాం రమ్మంది. చెక్‌డ్యాం కింద, ఆనాడు మంద దాటిన పాత దాటు దగ్గరికి పోయాం. పిక్కల లోతు నీళ్లే. కానీ నిరుడు బాయి కాడ జారిపడి తుంటి విరిగినప్పటి నుంచి నేను తడినేల మీద కాలు పెట్టింది లేదు. అవతల మర్రికుంట దారి చూపిస్తానని తీసుకొచ్చిందాన్ని, ఒడ్డునే నిలబడిపోయాను. ఇక ఇంటికి పోదామన్నాను. వచ్చే ఏడూ అదే అంటానని, ఆ పై ఏడు ఇల్లు కూడా దాటనని నాకు లోపల తెలుసు.

"అవ్వా, జర దిగు, ఏం కాదు," అని రెండుసార్లు అంది. మూడోసారి అనలేదు. నేను ఏరిన సీసాల సంచి నా చేతిలోంచి లాక్కొని నీళ్లలో దిగి పోతోంది.

తిట్టాను. అది వెనక్కి చూడలేదు. దిగాను. పాచి రాళ్ల మీద ఒక్కో అడుగూ వేస్తూ, సంచి మీదే కళ్లు పెట్టి పోతుంటే, మనుమరాలి చున్నీ ఒక కొస నీళ్లలో ఈడ్చుకుపోతోంది. కొత్త చున్నీ, బురద పట్టిపోతోందని అరవబోయాను.

ఈ కథ దానికి నేను ఎన్నడూ చెప్పలేదు.

ఆనాడు నాయిన కర్ర నేను పట్టుకోలేదు. వంగి ఆ చున్నీ కొస పట్టుకున్నాను.