లంచం తీసుకోవడం చేతకాని మా ఎస్సై

ఒక నిండు మనిషిని జైలు గుమ్మం దాకా నడిపించిన ఘనుణ్ని నేను. ఆయన చేసిన తప్పల్లా నన్ను నమ్మడమే.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. నరసరావుపేట మొత్తానికి సినిమా తెలిసినవాణ్ని నేనొక్కణ్నే అనుకునేవాణ్ని. లంచగొండి ఎస్సై, అతను ప్రేమించిన లారీ ఓనరు కూతురు, చుట్టూ చీకటి, నీడలు. అదీ నా థ్రిల్లర్. అంత చీకటి కథని మే నెల ఎండలో తీయబోయాను, నవ్వకండి. ఎస్సై వేషం మా వీధి మెకానిక్ మస్తాన్ బాబాయ్‌ది. ఆయన మీసం చూస్తే నాకే భయం.

నకరికల్లు దారిలో షూటింగు. అద్దె యూనిఫాంలో బాబాయ్ రోడ్డు మీద, కెమెరాతో నేను తుమ్మచెట్ల వెనక. మా ఫ్రెండు మూడు లారీలు పంపిస్తానన్నాడు. డ్రైవర్లు లంచమిస్తారు, బాబాయ్ తీసుకుంటాడు. అంతే సీను.

మొదటి లారీ వచ్చింది. డ్రైవరు వణుకుతూ దిగి, కాగితాల మధ్య నోటు పెట్టి ఇవ్వబోయాడు. ఏం నటన! నా కళ్లు చెమర్చాయి. బాబాయ్ మాత్రం నోటు తిరిగిచ్చేసి, పానా తీసుకుని లారీ కింద దూరాడు. బండి వెళ్లాక పరుగెత్తాను.

"లంచం తీసుకోవాలి గదా బాబాయ్!"

"బ్రేకుల్లేని బండిని లంచం తీసుకుని పంపమంటావా? ఏందిరా నీ కథ?"

"అది నటన!"

"బ్రేకు నటన కాదుగా!"

రెండో లారీకీ ఇదే వరస. మూడో లారీ కింద బాబాయ్ కాళ్లు మాత్రమే కనబడుతుండగా పోలీసు జీపొచ్చింది. మావాడు జీపు కూడా పంపాడా అని పొంగిపోయి ఎదురెళ్లాను.

"సార్, ఇంకొంచెం కోపంగా దిగండి!"

ఆయన నేను అడిగినదానికన్నా ఎక్కువ కోపంగానే దిగాడు. అప్పుడే మా ఫ్రెండు ఫోన్ చేశాడు. "ఒరేయ్, మా లారీలు ఇప్పుడే శావల్యాపురంలో బయల్దేరుతున్నాయిరా!"

ఆగిన లారీలన్నీ నిజం లారీలు. ఈయన నిజం ఎస్సై. లారీ కింది ఖాకీ కాళ్లనీ, నా కెమెరానీ మార్చి మార్చి చూశాడు.

"నకిలీ పోలీసా? ఎక్కించండి జీపు!"

గ్రీజు చేతులతో బయటికొచ్చిన బాబాయ్ నా ముందు నిలబడ్డాడు. "పిల్లోడికేం తెలవదు సార్. నన్ను తీసుకుపోండి."

నాకు ఏడుపొచ్చేసింది. అంతలో మూడో లారీ డ్రైవరు చేతులు జోడించాడు.

"ఆయన్ని తీసుకుపోమాకండి సార్! చానా మంచి ఎస్సై. ఇచ్చినా తీసుకోలా, పైగా బ్రేకు బిగించాడు. ఈయన్నే మాకు ఉంచండి!"

ఎస్సై నా కెమెరాలో ఉన్నదంతా చూశాడు. బాబాయ్ మూడుసార్లూ నోటు తిరిగివ్వడం చూసి పగలబడి నవ్వాడు.

"ఆ యూనిఫాం విప్పి ఇంటికి పొండి. పొయ్యేముందు మా జీపు బ్రేకు కూడా చూడవయ్యా!"

సినిమా ఆగిపోయింది, బాబాయ్ దక్కాడు. పేరైనా తెలియని ఆ డ్రైవరుకీ, నా తప్పు తన మీద వేసుకున్న బాబాయ్‌కీ ఈనాటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను. పల్నాటి లారీలన్నిటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: మంచివాడికి లంచగొండి వేషం ఇంకెప్పుడూ ఇవ్వను.