నా వేరుశెనగను కాదన్న నంజుండప్ప గారు

డాక్టర్ నంజుండప్ప గారు ఇక లేరన్న వార్త నాకు కొత్తచెరువు బస్టాండులో తెలిసింది. చెప్పింది మా పరిశోధనా కేంద్రం మనిషి కాదు, టీ అంగడి ఆయన. "మీ పెద్ద సారు పోయినాడంట కదన్నా. మొన్ననే చిలమత్తూరులో మన్ను చేసినారంట" అన్నాడు గ్లాసు కడుగుతూ. పద్నాలుగేళ్లు ఒకే చేలో ఆయనతో కలిసి ఎండిన నాకు ఎవరూ కబురు పెట్టలేదు. నేను ఎక్కాల్సిన బస్సు వచ్చింది, పోయింది. బెంచీ మీద అట్లాగే కూర్చుండిపోయాను.

వాన మొహం చాటేసినా నిలబడే వేరుశెనగ రకాన్ని వెతకడం మా జట్టు పని. దానికి ఆయన పెద్ద. ఆయన మహనీయులని, నిస్వార్థ శాస్త్రజ్ఞులని ఇప్పుడు అందరూ రాస్తారు. రాయనివ్వండి. నాకు తెలిసింది నేను రాస్తాను.

నేను చేరిన మొదటి ఏడు, ఎమ్మెస్సీలో బంగారు పతకం తెచ్చుకున్న నన్ను కూలీలతో పాటు కలుపు తీయమన్నారు. "చదువుకున్నావు, సంతోషమప్పా. చెట్టు నిన్ను ఇంకా చూడలేదు కదా" అన్నారు. పంట కాలమంతా నడుం వంచాను. ఆ సంగతి మరిచిపోలేదు. మరిచిపోయే ఉద్దేశమూ లేదు.

అంతకంటే అన్యాయం శనివారపు కూటం. రోజూ మధ్యాహ్నం పనిముట్ల కొట్టం నీడలో శాస్త్రవేత్తలు, గుమాస్తా, కూలీలు అందరం కలిసి సంగటి తినేవాళ్లం. శనివారం మాత్రం తిన్నాక ఎవరి ఫలితాన్నైనా ఎవరైనా ప్రశ్నించవచ్చు. ఫలితం ఎవరిదో వారు అందరూ ముగించేదాకా నోరు విప్పకూడదు. విప్పితే "నీ వంతు రాలేదు, కూర్చో" అనేవారు. అక్కడ నేను మింగిన మాటలన్నీ రాస్తే ఒక గ్రంథమవుతుంది.

ఎనభైల మొదట్లో వరుసగా రెండేళ్లు వానలు ఎగ్గొట్టాయి. పరీక్ష చేలో ఒక్కో రకానికి ఒక్కో సాలు వేశాం. అన్ని సాళ్లూ ఆకు ముడుచుకుంటే కొట్టం పక్కనున్న మొదటి సాలు పచ్చగా నిలిచింది. అది నేను ఎంపిక చేసిన రకం. రెండో ఏడు వరుస మార్చి వేద్దామని ఆయన అన్నారు. "పేర్ల పలకలు పాతేశాను సార్, మళ్లీ ఎవరు పీకుతారు" అని మొండికేసింది నేనే. ఆ ఏడూ నా సాలే గెలిచింది. విత్తనాన్ని రైతులకు ఇవ్వమని పై కమిటీకి సిఫారసు తయారైంది. రాయదుర్గం దగ్గర మా ఊళ్లో మా నాయన, "పదెకరాలూ దానికే ఎత్తిపెట్టినా, విత్తనం బిరీన పంపు" అని కబురు చేశాడు.

సిఫారసు పోవడానికి ముందు శనివారం కూలీ ఓబుళమ్మ గొంతు సవరించుకుంది.

"నాకు తెలీకడుగుతాండా సార్. ఆ మొదటి సాలు మనం చేయి కడిగిన నీళ్లు తాగుతాండాది కదా."

అందరి తలలూ ఆ సాలు వైపు తిరిగాయి.

"ఎన్నాళ్లనుంచమ్మా?" అన్నారు నంజుండప్ప గారు.

"మీరే కదా సార్ చెప్పినారు, ఈడ నీళ్లు రాళ్ల మీద పారబోస్తే కళ్లు పోతాయని, చెట్టు మొదట్లో కడగమని. మీరూ ఆడే కడుగుతారు."

పదిహేను మంది చేతులు, సంగటి గిన్నెలు, కుండలో మిగిలిన అడుగు నీళ్లు. రెండు పంటల పొడుగునా. ఈ గడ్డ మీద పుట్టిన మాకు ఉత్త నేల మీద చేయి కడగడం చేతకాదు. నా గిన్నె నేనూ అక్కడే కడిగాను. ఏదో అనబోయాను. "నీ వంతు రాలేదప్పా" అన్నారు ఆయన.

సోమవారం కమిటీకి తానే ఉత్తరం రాశారు. ఇది జట్టు పొరపాటనీ, జట్టు పెద్దగా తనదే బాధ్యత అనీ. చివర ఓబుళమ్మకు కృతజ్ఞతలు. గొప్పలో ఉండాల్సిన నా పేరు తప్పులో కూడా లేదు. నా పేరేది సార్ అని అడిగాను.

"నీకింకా ఇరవై ఏండ్ల సర్వీసు ఉండాది. నాకు మూడేండ్లే. నా మీద పోనీలే."

తప్పు నాదైతే దాన్ని నన్నే చెప్పుకోనివ్వాలని నా వాదన. ఈనాటికీ అదే నా వాదన.

నా పోరు పడలేక మూడో ఏడు కొట్టానికి దూరంగా, రాతి గుండ్ల దిన్నె పక్కన మళ్లీ వేయనిచ్చారు. రోజూ పొద్దున నాతో పాటు నడిచి వచ్చి చూసేవారు. చినుకు పడని నలభై రోజులకు మిగతా సాళ్లతో పాటే నా సాలూ తల వాల్చింది. గట్టు మీద కూలబడ్డాను. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏడువప్పా, తప్పేం లేదు" అన్నారు పక్కన నిలబడి. "సాలుకు దూరంగా పోయి ఏడువు. అవి గూడా నీళ్లే."

కూలీలంతా నవ్వారు. అందరికంటే ఎక్కువ ఓబుళమ్మ నవ్వింది.

ఆ విత్తనాన్ని నమ్మి మా నాయన పదెకరాలూ విత్తి ఉంటే మా ఇల్లు ఏమయ్యేదో నాకు తెలుసు. ఆ మాట ఆయన బతికుండగా నేను ఒప్పుకోలేదు. ఆయనా ఎన్నడూ అడగలేదు.

ఇప్పుడు ఆ కుర్చీలో నేనున్నాను. పోయిన వారం, నేను ఎంపిక చేసిన మరో రకాన్ని రైతులకు ఇవ్వాలని జట్టంతా సంతకాలు చేసింది. ఒక్కరూ ఒక్క ప్రశ్న వేయలేదు. "మీరు చూసినాక ఇంకేముండాది సార్" అన్నాడొకడు. నాకు ఒళ్లు మండింది. ఆయన రిటైరయ్యాక కూడా ఇలాంటి కాగితాలు పట్టుకుని రెండు సార్లు చిలమత్తూరు పోయాను. రెండు సార్లూ తప్పు చూపించి, తిట్టి, అన్నం పెట్టి పంపారు.

ఆయన స్మృతికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఆయన మీద నా ఫిర్యాదుల్లో ఒక్కటీ వెనక్కి తీసుకోవడం లేదు. కాని నా సంతకం ఒక్కటే పడాల్సిన ఆ కాగితం బల్ల మీద అట్లాగే ఉంది. పెట్టడానికి చేయి ఆడడం లేదు.