మూడు దాటాక తిరిగిన గాలి

మా సైన్సు టీచరమ్మ చనిపోయారని పోయిన మంగళవారం ఫోన్ వచ్చింది. చేలో ఉన్నాను. ఫోన్ పెట్టేశాక గట్టు మీదే చాలాసేపు కూర్చుండిపోయాను. ఆమె బతికుండగా చెప్పాల్సిన మాటొకటి నా దగ్గరే ఉండిపోయింది.

ప్రత్తిపాడు దగ్గర మా ఊరి హైస్కూల్లో ఆమె నాకు పాఠాలు చెప్పారు. రిటైరయ్యాక మా చేను పక్కనే రెండెకరాల్లో పత్తి వేసేవారు. ఎండలు ముదిరితే రోజూ పొద్దున్నే ఒక ఎండుటాకు అరచేతిలో నలిపి చూసేవారు. మెత్తగా మడత పడితే ఊరుకునేవారు. పొడి అయిపోతే, "ఒరేయ్, గాల్లో చెమ్మ లేదు. ఇవాళ నిప్పు జోలికి పోవద్దు" అని కేకేసి చెప్పేవారు.

రెండేళ్ల కిందట అలాగే చెప్పారు. మర్నాడు దుక్కికి ట్రాక్టరు వస్తుందని, పీకి కుప్పేసిన పత్తికట్టెను ఆ మధ్యాహ్నమే కాల్చేద్దామనుకున్నాను.

"పడమటి గాలిని నమ్ముకోకురా. మూడు దాటితే సముద్రం వైపు నుంచి తిరుగుతుంది. అప్పటిదాకా నిదానంగా పాకే మంట ఒక్కసారిగా ఉరుకుతుంది" అన్నారు.

"ఆలోపే అయిపోతుందిలెండి" అన్నాను.

ఆమె ఇంటికి వెళ్లాక అంటించాను. మూడు దాటింది, గాలి తిరిగింది. గట్టు మీది ఎండుగడ్డి అంటుకుని, మంట పడమర వైపున్న కౌలు రైతు మిరప కల్లంలోకి పోయింది. కాయలకు కాపలా ఉన్న అతని తల్లి అక్కడే టార్పాలిన్ పట్టా నీడలో పడుకుని ఉంది. కాయలు కాలిన ఘాటుకు నేనూ, ఆర్పడానికొచ్చిన చుట్టుపక్కల చేలవాళ్లూ దగ్గుతూ వెనక్కి తగ్గాం. పొగ చూసి పరిగెత్తుకొచ్చిన టీచరమ్మ తడిగోనె కప్పుకుని లోపలికెళ్లి ఆ ముసలామెను పట్టుకొచ్చారు.

"ఎవరో బీడీ పారేసుంటారు" అన్నాను కౌలు రైతుతో. టీచరమ్మ విన్నారు.

వారం తర్వాత ఆమెను చూడ్డానికి వెళితే, దగ్గు తెర ఆగాక, "నేను చెప్పనురా. నువ్వే చెప్పాలి" అన్నారు.

ఆ దగ్గు ఆమెను మరి వదల్లేదు. అది పొగ వల్లేనా అని డాక్టరును అడిగే ధైర్యం నాకు లేకపోయింది. కనపడ్డప్పుడల్లా "ఏరా" అని పలకరించి కాసేపు ఆగేవారు. నేను వానల గురించి మాట్లాడేవాణ్ణి.

బుధవారం సమాధుల దొడ్డిలో ఆమెను గోతిలోకి దించి, ప్రార్థన అయ్యాక కౌలు రైతు పక్కన నిలబడి చెప్పాను. "ఆ రోజు నిప్పు పెట్టింది నేనే. ఆమె వద్దన్నా పెట్టాను."

అతను నా వైపు చూడలేదు. గుప్పిట్లోని మట్టిని కొంచెం కొంచెంగా గోతిలోకి వదిలాడు. తల్లి చెయ్యి పట్టుకుని, ఆమె అడుగులో అడుగు వేస్తూ, నెమ్మదిగా గేటు దాటి వెళ్లాడు.