చాచా పావురాల మీద మోపిన మరక

చాన ఏండ్లు ఒక అబద్ధం మోసిన. పెద్దదేం కాదు, అరచెయ్యంత మరక. దాన్ని మోసుకుంటనే తిన్న, పండుకున్న, పెండ్లి చేసుకున్న. ఏదీ ఆగలే. నన్ను గుచ్చేది అదే. తప్పు చేసినోనికి కనీసం నిద్రన్న పట్టొద్దు గదా? నాకు మస్తు పట్టింది. మొన్నటి దాక ఎవ్వరికీ చెప్పలే. మొత్తం విప్పి చెప్పుడు మీకే.

అప్పుడు కెమిస్ట్రీల డిగ్రీ అయిపోయి, కొత్తగ ఉద్యోగంల చేరిన. బాపు కారుకు బ్రేక్ ఆయిల్, క్లచ్ ఆయిల్ ఇంటి ముందటనే మారుస్తనని ఒక ఆదివారం మొదలుపెట్టిన. ఫోన్ల వీడియోలు చూసిన ధైర్యం. ఆ పనికి ఇద్దరు కావాలె. ఒకరు లోపల కూసోని పెడల్ తొక్కి పట్టాలె. ఇంకొకరు చక్రం ఎనుక ఆయిల్ దిగే చిన్న నిప్పల్ వదులు చేసి, పాత ఆయిల్‌ను సీసాలకు దించి, మళ్ల బిగించాలె. నా పనితనం మీద నమ్మకంతోని బాపు గుడికి పోయిండు.

పెడల్ తొక్కెతందుకు పక్కింటి యూసుఫ్ చాచా వచ్చిండు. రిటైరైన మనిషి, మిద్దె నిండ పావురాలు. సాయంత్రం ఆయన ఈల వేస్తె గల్లీ మీద ఒక చుట్టు తిరిగి, మళ్ల ఆయన భుజం దగ్గరికే దిగేటివి. ఆ రోజు వాటి పని పక్కకు పెట్టి, నేను తొక్కుమంటె తొక్కుకుంట, వదలమంటె వదులుకుంట మధ్యాహ్నం దాక కూసున్నడు. మొదట డికాషన్ లెక్క నల్లగ వచ్చింది, ఆఖరికి తేటగైంది. బ్రేకులు గట్టిగైనయి. నేను కూడ కొంచెం గట్టిగైన.

ఆ ఆయిల్ల తడిసిన గుడ్డను బానెట్ పక్కన రేకు మీద పడేసి, ఇద్దరం చాయ్ తాగెతందుకు పోయినం. ఆ ఆయిల్ రంగును తింటది. వీడియోల చెప్పిండ్రు. వీడియోల ఆ ముక్కను నేను చూడకుంట ముందుకు జరిపిన. తెల్లారి గుడ్డ తీసి చూస్తె కింద రంగు ఉబ్బి, పొరలు లేసింది.

బాపుకు ఆ కారంటె ఇంట్ల మనిషి, నాకంటె కొంచెం ఎక్కువ. మరకను చూసిండు. తలెత్తి చాచా మిద్దెను చూసిండు.

"గీ పావురాల రెట్టలే," అన్నడు.

అప్పుడే చెప్పి ఉంటె ఒక పూట లొల్లి. అంతే. చాచా పిట్టగోడ మీదికెల్లి వంగి నన్నే అడిగిండు.

"రెట్ట గంత పని చేస్తదా బేటా? నువ్వు సదువుకున్నోనివి, చెప్పు."

"రెట్టల ఆసిడ్ ఉంటది చాచా."

"అచ్ఛా," అన్నడు. తర్వాత బాపు దిక్కు తిరిగి, "మాఫ్ చెయ్యిండ్రి భాయ్‌సాబ్."

నా డిగ్రీ నాకు అక్కరకొచ్చింది ఆ ఒక్కసారే. అన్న మాట అబద్ధం కూడ కాదు, రెట్టల ఆసిడ్ నిజంగనే ఉంటది. ఇన్నేండ్లు నాకు నేను చెప్పుకున్న సాకు అదే. నిజమైన మాటతోని అబద్ధం ఆడినోన్ని ఏమనాలె? తెలివైనోడనా? నేను చాన రోజులు అట్లనే అనుకున్న.

చాచా పావురాలను సంతోష్‌నగర్‌ల బామ్మర్దికి ఇచ్చేసిండు. గూళ్లు విప్పుతుంటె నిచ్చెన పట్టుకున్నది నేనే. అక్కరకొచ్చే పిల్లగాడని గల్లీల పేరు కూడ వచ్చింది.

మొన్న చాచా మా ఇంటికొచ్చి, కారుకు కవర్ తనే కొనిస్తనని, మళ్ల రెండంటె రెండు పావురాలు పెంచుకుంటె అభ్యంతరమా అని బాపును అడిగిండు. తన మిద్దె మీద, తన పక్షులకు, మా పర్మిషన్. చూద్దాం అన్నడు బాపు, పెద్దమనసు చేసుకొని.

నేను చాచా ఎనుకనే వాళ్ల మిద్దె ఎక్కిన. గుడ్డ, ఆయిల్, చాయ్, అన్నీ చెప్పిన. కోపం చేస్తడనుకున్న. చెయ్యలే. గూళ్లు ఉండే జాగ దిక్కు తిరిగిండు.

"అప్పుడు ఇచ్చేసిన నాలుగు రోజులకు ఒక తెల్ల జోడి వాపస్ వచ్చింది బేటా," అన్నడు. "మీ కారు కరాబైతదని నేనే చప్పట్లు కొట్టి తరిమిన."

మాఫ్ చేసిన అనలే. నేను అడగలే.

మెట్లు దిగుతుంటె కాళ్లు తేలికైనయి. గిసుంటి మాట విన్నంక గట్ల కావొచ్చా? సిగ్గు పడాల్నేమో. పడలే. కింద బాపు కారు తుడుస్తున్నడు. ఆయనకు కూడ చెప్పిన.